పుదుకోటలో నాలుగు దినములు

సంక్రాంతి దినములలో ఇల్లు విడిచి కదలరాదని మా యత్తగారి నియమము. అందుచేత ముక్కనుమ గడచువఱకు ఆగి, మఱునాటి రైలున మేమును మావారును పుదుకోటకు బయలుదేరితిమి. ఇరుగుపొరుగు అమ్మలక్కలు "రామేశ్వరమా? మధురయా?" అని యడిగిరి. రెండును కాదు, తోవలోని పుదుకోట మాత్రమే యనియు, స్వామి దర్శనమునకు గాక సైకిళ్ల సంగతి తెలిసికొనుటకు పోవుచుంటి మనియు చెప్పగా, నోటికి కొంగడ్డము పెట్టుకొని నవ్విరి. అంత దూరము సైకిళ్ల కొఱకు పోవువారిని చూచిన మేమైనను నవ్వియే యుందుము.

సోదరీమణులారా, మా యూరి సంగతి ముందుగా కొంత చెప్పినగాని ఈ ప్రయాణము మీకు బోధపడదు. మావారు పనిచేయు బడిలో ఏడవ తరగతితో చదువు ముగియును. ఆపై చదువునకు కాలువగట్టు వెంట అయిదు కిలోమీటర్లు పోయి పొరుగూరి ఉన్నత పాఠశాలలో చేరవలెను. మగపిల్లలు ఎట్లో పోవుదురు. ఆడపిల్లల విషయమున మాత్రము ప్రతి వేసవిలోను ఇంటింట ఒకటే మాట: "పంపుట మాకిష్టమే, దారి యేది?" మూడేండ్ల క్రిందట ఇట్లు నిలిచిపోయిన పిల్లలు నలుగురు. వారిలో నొకతె మా యొద్ద సాయంకాలములందు గజేంద్రమోక్షము వల్లించిన పిల్ల. పద్యము ఎత్తుకొన్న దనిన విన్నవారు పని మానుకొని నిలువవలసినదే. ఆ పిల్ల ఇపుడు రొయ్యల కర్మాగారమునకు కూలికి పోవుచున్నది.

మా రాష్ట్రమున కొన్నియేండ్లు ప్రభుత్వమువారు తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచియుండిరి. ఆ బాలికలు పెరిగి, పెండ్లిండ్లయి వెడలిపోగా, ఆ సైకిళ్లు పశువులపాకలలో గడ్డిమోపుల క్రింద త్రుప్పుపట్టుచుండెను. మావారును మేమును ఇంటింటికి తిరిగి పదునొకటి సంపాదించితిమి. ఒకదాని చక్రము మఱియొకదానికి, దీని గొలుసు దానికి మార్చి, పంక్చరుల దుకాణపు తాత ఏడింటిని నడచునట్లు చేసెను. బడి వసారాలో వానిని నిలిపి, పిల్లకు నెలకు ఇరువది రూపాయల చందా పెట్టి, తాళపుచెవులు మావారి యొద్దను, లెక్కల పుస్తకము మా యొద్దను ఉంచుకొని, దానికి సంఘమని పేరు పెట్టితిమి. తొలియేట పండ్రెండుగురు పిల్లలు చేరిరి. మా యానందమునకు మేర లేదు.

రెండవయేట ఒక్కొక్కటియే చెడ మొదలిడెను. మావారు శిక్షణకని పట్టణము పోయిన వారము తాళము తీయువారు లేరు. గాలి పోయిన చక్రము తాత తీరికకై నాలుగేసి దినములు వేచియుండెడిది. ఒక పిల్ల యన్నగారు సైకిలును సంతకు కొనిపోయి, ధాన్యపు బస్తా వేసి, వెనుక చక్రమును అప్పడమువలె వంచి తెచ్చెను. తుదకు మార్గశిరమున, చీకటి పడువేళ, కల్వర్టు దగ్గఱ ఒక పిల్ల పడి మణికట్టు విఱుగగొట్టుకొన్నది. ఆ పిల్ల తండ్రి మా వాకిట నిలిచి, "ఎవరు ఎక్కుమనిరి మా పిల్లను?" అని యడిగిన మాటకు మా యొద్ద బదులు లేకపోయెను. పండ్రెండుగురు అయిదుగురైరి. సైకిళ్లు ఎవరివి వారికి మరల ఇచ్చివేయుదమని మావారును, ఒక్కయేడు చూతమని మేమును వాదులాడుకొనుచుండగా పండుగ వచ్చెను.

పుదుకోట పేరు మా చెవిని పడినది విచిత్రముగా. మా మరదిగారి కుమారుడు చదివి విడిచిన ఎనిమిదవ తరగతి హిందీ వాచకమొకటి మా యింట నుండెను. ఎన్.సి.ఈ.ఆర్.టి. వారి ఆ వాచకమున పుదుకోట స్త్రీల సైకిళ్లను గూర్చిన పాఠము చాలయేండ్లు ఉండెను. దాని మూలమును ఇంగ్లీషున వ్రాసినవారు పి. సాయినాథ్‌గారు. వీరు తెలుగింటి బిడ్డ, మన వి.వి. గిరిగారి మనుమడు. మావారు ఆ పాఠమును మాకు అర్థము చెప్పుచు చదివి వినిపించిన రాత్రియే, అచ్చట ఒక విశ్రాంత ఉపాధ్యాయిని కలదని, మాతృభాష తెలుగేయని, ఎఱిగినవారొకరు చెప్పియుండుట జ్ఞప్తికి వచ్చినది.

తిరుచిరాపల్లిలో రైలు దిగి బస్సెక్కితిమి. అచటినుండి దక్షిణముగా ఏబది కిలోమీటర్లకు పైబడిన దారి. కావేరి పచ్చదనము ఊరు దాటిన కొంతసేపటికే వెనుకబడును. పిదప ఎఱ్ఱనేల, తాటితోపులు, పండుకొన్న ఏనుగులవంటి బోడిగుండ్లు, వాన నీటినే నమ్ముకొన్న చెఱువులు. నదీమాతృకలమైన మాకు ఆ నేలను చూడగా గొంతు తడియారినట్లయ్యెను. ఇట్టిచోట కడవ నీటికి, కట్టెల మోపునకు, సంతకు, ఆసుపత్రికి ఎంతెంత నడచియుందురో యని తలచుకొంటిమి.

పుదుకోట యనగా క్రొత్తకోట. తొండమాన్ రాజుల రాజధాని. 1948లో సంస్థానము దేశమున విలీనమయ్యెను. 1974లో ప్రత్యేక జిల్లా యయ్యెను. రాజవీథులు నలుదిక్కుల చదరంగపు గళ్లవలె తిన్నగా సాగియున్నవి. చిన్నతనమున మా నాయనగారు మాకు కంఠస్థము చేయించిన నిఘంటువులలో ఆంధ్రభాషార్ణవ మొకటి. దానిని రచించిన నుదురుపాటి వెంకనార్యుడు ఈ సంస్థానపు కవి. అరవదేశపు నడిబొడ్డున కూర్చుండి తెలుగు పర్యాయపదములు గ్రుచ్చిన ఆ మహనీయునకు బస్సులోనే నమస్కరించితిమి. ఆయన గ్రంథమున సైకిలునకు పదము లేదు గదా యని మావారు పరిహాసమాడిరి.

పంతులమ్మగారి యిల్లు తిరుగోకర్ణము పోవు దారిలో నున్నది. అఱువదియైదేండ్లు దాటినవారు. వారి తెలుగు మా యమ్మమ్మగారి తెలుగును తలపించుచు, అరవపు పలుకుబడి కలిసి, వినుటకు ముచ్చటగా నుండెను. మేము బసకు పోవుదుమన్న వినక, "ఇంట చోటుండగా బస యేమి తల్లీ" యని మా సంచులు లోన పెట్టించిరి. సాంబారు, అరటికాయ కూర, మీగడ పెరుగుతో భోజనమైన పిదప కథ మొదలయ్యెను.

1991లో ఆ జిల్లాలో అఱివొళి ఇయక్కమను అక్షరాస్యతోద్యమము సాగెను. అఱివొళి యనగా జ్ఞానజ్యోతి. జీతము లేని స్వచ్ఛందసేవికలు రాత్రులందు పల్లెలలో అక్షరములు చెప్పిరి. మన నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీల సారా వ్యతిరేకోద్యమము 1992లో ఇట్టి తరగతులనుండియే పుట్టినదని మీరెఱుగుదురు. ఇచట అక్షరముల వెంట సైకిలు వచ్చెను. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్‌గారు, పల్లెనుండి పల్లెకు పోవలసిన సేవికలు బస్సునకై, భర్తకై, అన్నకై ఎదురుచూచుచుండిన పని సాగదని కనిపెట్టి, సైకిలు నేర్పుటను అక్షరాస్యతోద్యమమున భాగముగా చేర్చిరట. కార్యకర్తలు సైకిళ్లు కొనుటకు బ్యాంకు అప్పులు ఏర్పాటు చేసిరి. నేర్చినవారు ఇతరులకు నేర్పిరి. దానికొక పాటయు కట్టిరి.

"మేము మొదట త్రొక్కినపుడు వీథి మగవారు అనిన మాటలు ఇపుడు నోట పలుకలేను," అనిరి పంతులమ్మగారు. "ఒక దినము ఇద్దఱము పోతిమి, ఏడిపించిరి. మఱునాడు పదుగురము పోతిమి. పదుగురిని ఏడిపించుటకు నోరు చాలదు గదా!"

1992 మార్చి 8వ తేదీని, అంతర్జాతీయ మహిళాదినమున, పదునైదువందలకు పైబడిన స్త్రీలు చేతిపిడులకు జెండాలు కట్టి, గంటలు మ్రోగించుచు పుదుకోట వీథులలో సైకిళ్లపై ఊరేగిరి. ఆ యేడే పుదుకోట సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటింపబడెను. లక్షకు మించిన పల్లె స్త్రీలు సైకిలు పట్టిరని సాయినాథ్‌గారు వ్రాసియున్నారు. యూనిసెఫ్ వారు కార్యకర్తలకై ఏబది మోపెడులు మంజూరు చేసిరి.

ఇంకొక సంగతి మాకు నచ్చినది. ఆడవారి సైకిళ్లు అంగళ్లలో దొరకక చాలమంది మగవారి సైకిళ్లనే కొనిరట. తరువాత కొందఱు అదియే మేలనిరి. ముందఱి కడ్డీమీద చిన్న పీట బిగించిన, చంటివానిని కూర్చుండబెట్టుకొని పోవచ్చును గదా! కడ్డీ తీసివేసి ఆడవారికి అనుకూలము చేసితిమనుకొన్న వారికి ఈ యూహ తట్టలేదు.

మావారు మాస్టరు గనుక వాదమునకు దిగిరి. బీహారులో 2006నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్లకు సొమ్మిచ్చినదనియు, దానివలన ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక హెచ్చినదని పరిశోధకులు లెక్కతేల్చిరనియు, సైకిలు ఇచ్చిన చాలుననియు వారి పక్షము. పంతులమ్మగారు కాదనలేదు. "ఇచ్చుట మంచిదే, అయ్యా. మాకు కలెక్టరమ్మ వచ్చినది, తరువాత బదిలీయై పోయినది. ఆనాటి శిబిరములు ఇపుడు లేవు. మీ యూరిలో ఇచ్చినవి గడ్డి క్రింద ఉండెనని మీ యింటావిడయే చెప్పినది. గడ్డిక్రిందికి ఎందుకు పోయినవి?" అని యూరకుండిరి.

కొంతసేపటికి మా వైపు తిరిగి, "మీ పిల్లల తల్లులలో త్రొక్కువా రెందఱు?" అని యడిగిరి.

ఒక్కరును లేరంటిమి.

"నీకు వచ్చునా తల్లీ?"

మేము తల వంచుకొంటిమి. సైకిళ్ల సంఘమునకు లెక్కలు వ్రాయు మాకు సైకిలెక్కుట రాదు. ముప్పదియాఱేండ్ల వయస్సున, ఇద్దఱు బిడ్డల తల్లిని, మాస్టరుగారి భార్యను, ఎక్కవలెనన్న తలంపే ఎన్నడు కలుగలేదు. ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు.

మఱునాడు ఊరు చూచితిమి. గోకర్ణేశ్వరుని ఆలయము కొండను తొలిచిన గుహాలయము. అమ్మవారు బృహదంబ, రాజవంశమునకు కులదేవత. రాజుగారి క్రొత్త ప్రాసాదము ఇపుడు కలెక్టరు కార్యాలయము. అంతఃపురమునకు తగిన ఆ మేడలో అర్జీలు చేతబట్టుకొని చెట్ల క్రింద స్త్రీలు కూర్చుండియుండిరి. 1886లో ఈ యూర జన్మించిన ముత్తులక్ష్మిగారు మహారాజావారి కళాశాలలో చేరబోయినపుడు, మగపిల్లల తల్లిదండ్రులు వలదని గగ్గోలుపెట్టిరి, రాజుగారు చేర్చుకొనుమనిరి. ఆమెయే వైద్యురాలై, సుందరరెడ్డిగారిని పెండ్లాడి, 1927లో చెన్నపట్టణపు శాసనసభలో మొదటి స్త్రీ సభ్యురాలైన ముత్తులక్ష్మీరెడ్డిగారు.

వీథులలో మేము సైకిళ్ల బారులు చూడగోరితిమి. కాని కన్పించినవి ఎక్కువగా స్కూటర్లు. చీరకొంగు నడుమునకు బిగించి, వెనుక అత్తగారిని కూర్చుండబెట్టుకొని, మార్కెట్టులో మలుపు తిరుగు కోడండ్లు. కొంచెము నిరాశపడి ఆ మాట పంతులమ్మగారితో అనగా, "వారి తల్లులు సైకిలు నేర్వనిచో వీరికి స్కూటరు ఎవరిత్తురు?" అనిరి.

మూడవ దినమున కుడుమియాన్‌మలై వైపు పల్లెకు కొనిపోయిరి. కొండబండమీద స్వరములు చెక్కిన సుప్రసిద్ధమైన సంగీతశాసనము ఇచటిదే. మా నాయనగారు జీవించియుండగా చూపవలసినదని కన్నీరు వచ్చెను. దాని ముచ్చట వేఱుగా వ్రాయుదుము. మేము పోయినది ఒకప్పుడు రాళ్లక్వారీలో కంకర కొట్టిన యొక యమ్మ యింటికి. అఱువది దగ్గఱి వయస్సు. చేతివ్రేళ్ల కణుపులు రాళ్లవలెనే యుండెను. ఆమె సైకిలు కడ్డీయున్న మగవారి సైకిలు. రంగు ఏదియో చెప్పలేము, అయినను గొలుసు నూనెతో మెఱయుచుండెను. మా మాటలను పంతులమ్మగారు అరవమున చెప్పుచుండిరి.

"అక్కా, చెడిపోయిన ఎవరు బాగుచేయుదురు?" అని యడిగితిమి.

ఆమె మమ్ము వింతగా చూచి, లోనికి పోయి, బిస్కత్తుల రేకుడబ్బా తెచ్చి మా ముందు బోర్లించెను. పానాలు రెండు, టైరు విప్పు చువ్వలు మూడు, గరుకు కాగితము, జిగురు గొట్టము, పాత ట్యూబు ముక్కలు. పిదప, అడుగకయే, ముందు చక్రము విప్పి మాకు చూపెను. ట్యూబునకు గాలికొట్టి నీళ్ల బేసినులో త్రిప్పగా బుడగలు వచ్చు చోట వ్రేలుంచుట, తుడిచి ఆరబెట్టి గరుకు కాగితముతో రుద్దుట, జిగురు పూసి వెంటనే అతుకక, అది తడియారి వ్రేలికి అంటనంతవఱకు ఆగుట. "ఇచ్చటనే అందఱును తొందరపడుదురు," అనెను. చివరకు టైరు లోపలి వైపు వ్రేలితో తడవి, ముల్లు ఇంకను అందే యున్నదేమో చూడవలెను. మా యూరి తాత ఈ పని మాత్రము చేయడు కాబోలు; అయిదవ నంబరు సైకిలు రెండు నెలలలో మూడుసార్లు అదే చోట గాలి విడిచినది! పిండివంటల పాకము తప్పక పట్టు చేతులు మనవి, ఈ జిగురు ఆరుట కనిపెట్టలేమా యనిపించెను.

నాలుగవ నాటి తెల్లవాఱుజామున పంతులమ్మగారు మమ్ము లేపి, చెఱువుగట్టు ప్రక్కనున్న మైదానమునకు, పొరుగింటి పిల్ల సైకిలు నడిపించుకొని, తీసికొనిపోయిరి. మావారిని రావలదనిరి. కుచ్చెళ్లు ఎత్తి బొడ్డున గట్టిగా దోపించిరి. సీటు క్రిందికి దింపి, రెండు పాదములు నేల కానునట్లు చేసి, పెడలుపై కాలు పెట్టనేవద్దనిరి. కొంచెము వాలుగానున్న నేలను కాళ్లతో నెట్టుకొనుచు, జారుచు పోవలెనట. చక్రము వంక చూడక దూరపు తాటిచెట్టును చూడవలెనట. మన యూళ్లలో ఒకరు వెనుక పట్టుకొని పరుగెత్తుట, వదలుట, పడుట! ఈ పద్ధతిలో పట్టుకొనువారే అక్కఱలేదు.

ఇరువది మాఱులు జారితిమి. తరువాత పెడలుపై ఒక కాలు, పిదప రెండవది. రెండుసార్లు పడితిమి. మోకాలు చీరుకొన్నది. గట్టుమీద పోవు పాలవాడు చూచి, ఏమియు అనక, గంట మ్రోగించి పోయెను. సూర్యోదయమునకు మేము తాటిచెట్టు వఱకు, బహుశః నూఱు గజములు, ఎవరి సాయము లేక పోయితిమి. ఆ నూఱు గజములలో మాకు జ్ఞప్తికి వచ్చినది కల్వర్టు. బ్రేకు మెల్లగా పట్టుట, నిలుచునపుడు కాలు దింపుట మేము ఆ పిల్లకు నేర్పించలేదు. సైకిలిచ్చి, తాళపుచెవి యిచ్చి, చందా పుచ్చుకొంటిమి. అంతే.

ఆ సాయంకాలమే తిరుగు ప్రయాణము. రైలులో మావారితో వాదములేకయే కొన్ని సంగతులు కుదిరినవి. తాళపుచెవులు మా యింటనుండి తీసి పిల్లలయొద్దనే, వారమునకొక పిల్ల వంతున, ఉంచవలెను. చందాలో సగము జిగురు, అతుకులు, బ్రేకు రబ్బర్లకు కేటాయించవలెను. సైకిలు ఇల్లు చేరిన పిదప ఇంటి మగవారు ఎక్కరాదు. ఎక్కిన నెల చందా తప్పు. ఈ తుది నిబంధనకు మావారు కొంత నసిగి ఒప్పుకొనిరి. శీతకాలమున చీకటి పడకముందే, ఎవరును ఒంటరిగా గాక, అందఱును కలిసి బయలుదేరవలెను.

ఇల్లు చేరిన మఱునాడు విఱిగిన మణికట్టు పిల్ల యింటికి పోయితిమి. తండ్రి ఇంట లేడు. తల్లి పీట వేసినది కాని పలుకలేదు. మేము మోకాటి గాయము చూపి, ఎట్లు పడితిమో చెప్పితిమి. ఆమె నవ్వాపుకొనలేకపోయెను. తరువాత, "మీరు నేర్చితిరా, అమ్మగారూ, నిజముగనే?" అని యడిగి, చాలసేపు తలుపు పట్టుకొని నిలుచుండెను.

మాఘమాసమునుండి ప్రతి యాదివారము తెల్లవాఱుజామున, మగవారు లేవకముందు, బడి ఆవరణమున తల్లులకు నేర్పుచున్నాము. మొదటి వారము మేమును, మా తోడికోడలును, ఇద్దఱమే. మా యత్తగారు అరుగుమీదనుండి చూచి, "మీకేమి పోయేకాలము" అనిరి. మూడవ వారమునకు అందఱికి కాఫీ కాచి పంపిరి. ఇప్పటికి తొమ్మండుగురు వచ్చుచున్నారు. ఆ తండ్రి ఇంకను మాతో మాటాడడు. పిల్ల మాత్రము కట్టు విప్పిన తరువాత ఫాల్గుణమున మరల ఎక్కినది. మొదటి దినమున కల్వర్టువఱకు తల్లి వెనుక నడచి పోయి, అక్కడ నిలిచి, కూతురు కనుమఱుగగువఱకు చూచి వచ్చినదట.

గజేంద్రమోక్షము వల్లించిన పిల్ల బడికి మరలి రాలేదు. పనికి పోవుటకు సైకిలు అడిగినది. చదువు పిల్లలకే గదా సంఘమని మావారు తటపటాయించిరి. మేము అయిదవ నంబరు ఇచ్చితిమి. ఆ దినపు లెక్కల పుస్తకమున ఇట్లు వ్రాసియున్నది: అతుకులు రెండు, జిగురు గొట్టము ఒకటి, టైరులో దొరకిన తుమ్మముల్లు ఒకటి.